సీటు ఇచ్చారు సరే, పీట వేశారా?

ఆడపిల్లను కాలేజీలో చేర్చే రోజుల్లో మన ఇళ్లలో ఉండే హడావిడి మీకు తెలియంది కాదు. ర్యాంకెంత, ఫీజెంత, హాస్టల్లో నీళ్లు సరిగ్గా వస్తాయా, వార్డెన్ ఎలాంటిది, కంపెనీలు వచ్చి ఉద్యోగాలిస్తాయా... ఇవన్నీ వందమందిని అడుగుతాం. పెట్టె, బకెట్టు, ఆవకాయ సీసా సర్ది పంపిస్తాం. ఆ తర్వాత రోజూ రాత్రి ఫోన్లో "తిన్నావా?" అంటాం. "తిన్నానమ్మా" అంటుంది. అక్కడితో మనసు కుదుటపడుతుంది. "ఎవరితో కూర్చుని తిన్నావు?" అని మాత్రం అడగం.

అడగవలసిన ప్రశ్న అదేనని నాకనిపిస్తుంది. కాలేజీ గేటు తెరవడం ఒక తీర్మానంతోనో ఒక జీవోతోనో అయిపోతుంది. లోపలికి వచ్చిన పిల్లను తమలో కలుపుకోవడానికి ఎంత కాలం పడుతుందో తెలుసుకోవాలంటే, అమెరికాలో ఓహియో రాష్ట్రంలో ఉన్న ఓబర్లిన్ అనే చిన్న కాలేజీ చరిత్ర చూడాలి.

మన పిల్లలు అమెరికా వెళ్లేది ఎక్కువగా ఎం.ఎస్. చదవడానికి, పెద్ద పెద్ద యూనివర్సిటీలకు. అందుకే అక్కడి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల సంగతి మనకంతగా తెలియదు. ఇవి చాలావరకు చిన్న ఊళ్లలో ఉండే డిగ్రీ కాలేజీలు. విద్యార్థులు రెండు మూడు వేలకు మించరు. సైన్సు చదివే పిల్ల సంగీతమూ నేర్చుకోవచ్చు, చరిత్ర చదివే పిల్లాడు లెక్కలూ చదువుకోవచ్చు. ఎక్కువమంది నాలుగేళ్లూ కాలేజీ ఆవరణలోనే ఉంటారు. కాబట్టి క్లాసు గది ఎంతో, భోజనాల హాలూ అంతే. పెద్ద యూనివర్సిటీలో ఒంటరి పిల్ల గుంపులో పడి కనిపించకుండా పోతుంది. చిన్న కాలేజీలో దాక్కోవడానికి చోటుండదు.

ఓబర్లిన్ 1833లో మొదలైంది. అమెరికాలో బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న రోజులవి. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవాలా వద్దా అని 1835లో ట్రస్టీలు కూర్చుంటే ఓట్లు సరిసమానంగా చీలిపోయాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న జాన్ కీప్ అనే పాస్టరు తన ఓటు వేసి గేటు తెరిపించాడు. 1837లో నలుగురు అమ్మాయిలు మగపిల్లలు చదివే డిగ్రీ కోర్సులోనే చేరారు. వాళ్లలో ముగ్గురు 1841లో పట్టాలు పుచ్చుకున్నారు. ఆ కాలానికి ఇది సామాన్యమైన సంగతి కాదు. పుస్తకాల్లో కూడా ఇక్కడిదాకానే గర్వంగా రాస్తుంటారు.

లోపల ఏం జరిగిందో కూడా చూడండి. సోమవారం నాడు ఆడపిల్లలకు క్లాసులు ఉండేవి కావు. ఆ రోజు వాళ్లు మగ విద్యార్థుల బట్టలు ఉతకాలి! చిరుగులు కుట్టాలి, గదులు సర్దాలి, భోజనాల దగ్గర వడ్డించాలి. పనిచేసుకుంటూ చదువుకునే పద్ధతి ఆ కాలేజీలో ఉండేది. పేదపిల్లలకు అది మంచి ఆధారమే. మగపిల్లలూ పొలంలో పనిచేసేవారు. అయితే 1843లో చేరిన లూసీ స్టోన్ అనే అమ్మాయికి ఇంటిపనికి ముట్టింది గంటకు 3 సెంట్లు. మగపిల్లలకు ఇచ్చేదాంట్లో అది సగం కూడా కాదు. ఎంత దూరం వెళ్లి చదువుకున్నా బట్టల మూట మన వెనకే వస్తుందన్నమాట.

ఈ లూసీ స్టోన్‌కు ఉపన్యాసం చెయ్యాలని కోరిక. క్లాసులో మగపిల్లలు వాదోపవాదాలు చేస్తుంటే ఆడపిల్లలు బుద్ధిగా వింటూ కూర్చోవాలి. నలుగురి ముందు ఆడది నోరు విప్పడం మర్యాద కాదని ఆనాటి నమ్మకం. లూసీ, ఆమె స్నేహితురాలు ఆంటోనెట్ బ్రౌన్ పోరాడి ఒక్కసారి వాదనకు అనుమతి తెచ్చుకున్నారు. వెంటనే పెద్దలు దాన్ని ఆపించేశారు. అప్పుడు ఈ అమ్మాయిలంతా ఊరవతల అడవిలో చేరి మాట్లాడటం నేర్చుకున్నారు. చలికాలం వచ్చాక వాళ్లకు తన ముందుగది ఇచ్చింది ఎవరో తెలుసా? ఊరి చివర ఉండే ఒక నల్లజాతి ముసలమ్మ. ఆవిడ కొడుక్కి లూసీ చదువు చెప్పింది. కాలేజీ ఇవ్వని చోటు ఆవిడ ఇచ్చింది. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ పేరు తెలియని పెద్దావిడే.

1847లో చదువు పూర్తయ్యాక పట్టాల ఉత్సవానికి వ్యాసం రాయమని లూసీని ఎంపిక చేశారు. రాయడం వరకే ఆమె వంతు, చదివేది మగ ప్రొఫెసరు. "అయితే రాయను" అంది. రాయలేదు. ఆంటోనెట్ బ్రౌన్ మతశాస్త్రం కోర్సు 1850లో పూర్తి చేసింది. ఆమెను క్లాసులో కూర్చోనిచ్చారు గానీ పట్టా ఇవ్వలేదు. గౌరవ డాక్టరేటు 1908లో ఇచ్చారు, ఆమె ముసలిదయ్యాక. లూసీనీ 1883లో కాలేజీ యాభయ్యేళ్ల పండుగకు ఉపన్యాసానికి పిలిచారు. మన వాళ్లూ అంతే కదా, కోడలిగా వచ్చినప్పుడు నోరెత్తనివ్వరు, అత్తగారయ్యాక సలహా అడుగుతారు.

ఇక 1862. ఆ ఒక్క సంవత్సరంలోనే రెండు సంగతులు జరిగాయి. తాపీమేస్త్రీ కూతురు మేరీ జేన్ ప్యాటర్సన్ ఆ ఏడాది ఓబర్లిన్‌లో బి.ఏ. పూర్తి చేసింది. అమెరికాలో ఆ డిగ్రీ పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమేనని చెబుతారు. అదే ఏడాది ఎడ్మోనియా లూయిస్ అనే మరో అమ్మాయి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. ఆమె తండ్రి నల్లజాతివాడు, తల్లి అక్కడి ఆదివాసీ తెగకు చెందినావిడ. తనతో పాటు ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు తెల్ల అమ్మాయిలకు ఆమె వైన్ ఇచ్చింది. వాళ్లకు జబ్బు చేసింది. విషం కలిపిందన్నారు. విచారణ కంటే ముందే ఎవరో ఆమెను పట్టుకుపోయి చావగొట్టి, ఎముకలు కొరికే చలిలో పొలంలో పడేసి పోయారు. కొట్టినవాళ్ల మీద కేసే లేదు. అదే కాలేజీలో చదివి లాయరైన నల్లజాతీయుడు జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ ఆమె తరఫున వాదించాడు. సాక్ష్యం లేదని కోర్టు వదిలేసింది. ఆమెకు అప్పుడు తల దాచుకోవడానికి ఉన్న ఇల్లు ఎవరిదనుకున్నారు? 1835లో ఓటు వేసి గేటు తెరిపించిన జాన్ కీప్ గారిదే. ఓటు వేసిన పాస్టరు గారి ఇంట్లో ఉన్న పిల్లకే ఆ ఊళ్లో రక్షణ లేకపోయింది.

ఆ తర్వాత దొంగతనం అంటగట్టారు. అదీ రుజువు కాలేదు. అయినా 1863లో ఆఖరి టర్ముకు పేరు రాసుకోనివ్వలేదు. ఆమె బోస్టన్ వెళ్లి, అక్కడి నుంచి రోము వెళ్లి, పాలరాతిని చెక్కే గొప్ప శిల్పి అయింది. ఆమె చెక్కిన క్లియోపాత్రా మరణ దృశ్యాన్ని 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టారు. ఓబర్లిన్ ఆమెకు డిగ్రీ ఇచ్చింది 2022లో. ఆమె చనిపోయి అప్పటికి 115 ఏళ్లు.

అలాగని ఆ కాలేజీలో మంచేమీ జరగలేదంటే పాపం. బానిసగా పుట్టిన ఫానీ జాక్సన్ 1865లో అక్కడే డిగ్రీ పూర్తి చేసింది. క్లాసులో పాఠం అప్పజెప్పడానికి లేచినప్పుడల్లా తన జాతి పరువంతా తన భుజాల మీదే ఉన్నట్టుండేదని తర్వాత రాసుకుంది. తను తడబడితే వాళ్లంతే అంటారని భయం. మొట్టమొదట చదువుకునే ఇంటి పిల్లలకు ఈ బరువు ఎలాంటిదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమె చదువుతుండగానే కింది తరగతికి పాఠాలు చెప్పమన్నారు, పిల్లలు ఎదురుతిరిగితే మాత్రం పట్టుబట్టబోమని ముందే చెప్పి. ఎదురుతిరగడం అటుంచి, ఆమె క్లాసుకు వచ్చేవాళ్లు పెరిగి పెరిగి రెండు భాగాలు చెయ్యాల్సి వచ్చింది. పక్కన కూర్చోబెట్టడం కంటే ఇది ఇంకో మెట్టు పైన. ఆ పిల్ల చేతికి పనీ, పెత్తనమూ ఇవ్వడం.

తెరిచిన గేటు మళ్లీ మూసుకుపోదన్న నమ్మకమూ లేదు. 1884లో ఓబర్లిన్ పట్టభద్రురాలైన మేరీ చర్చ్ టెరెల్ తర్వాత స్త్రీల ఓటు హక్కు కోసం, నల్లజాతి హక్కుల కోసం పేరు మోసిన నాయకురాలు. తను అందరితో కలిసి హాస్టల్లో ఉండి చదువుకున్న చోటు కదా అని సుమారు ముప్పయ్యేళ్ల తర్వాత కూతురినీ, పెంచుకున్న మేనకోడలినీ అక్కడికే పంపింది. వాళ్లకు కాలేజీ హాస్టల్లో చోటు ఇవ్వలేదు. తల్లి 1914లో కాలేజీ ప్రెసిడెంటుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. తల్లికి దొరికింది కూతురికి దొరకలేదు!

కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ సంగతి మరీ విచిత్రం. 1855లో మొదలైన ఆ చోట కొన్ని దశాబ్దాల పాటు తెల్ల, నల్లజాతి పిల్లలు ఇంచుమించు సగం సగంగా కలిసి చదువుకున్నారు. చూసి ఓర్వలేక 1904లో ఆ రాష్ట్రం కలిసి చదవకూడదని చట్టమే తెచ్చింది. కాలేజీ కోర్టుకెక్కితే 1908లో అమెరికా సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది. నల్లజాతి పిల్లలు మళ్లీ అక్కడ అడుగుపెట్టింది 1950లో. అయితే ఆ కాలేజీలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. 1892 నుంచీ ట్యూషన్ ఫీజు లేదు, ప్రతి విద్యార్థీ ఏదో ఒక పని చెయ్యాలి, వారానికి కనీసం పది గంటలు. అందరూ చేస్తారు కాబట్టి ఎవరికీ నామోషీ లేదు. ఓబర్లిన్ సోమవారాలకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. గేటు దగ్గర సంగతి అలా ఉంటే, లోపలికి వచ్చిన పిల్లలను నిలబెట్టుకోవడం మరీ ముఖ్యమవుతుంది. రకరకాల రంగుల మొహాలు నవ్వుతున్న పోస్టర్లంటే నాకు పెద్ద నమ్మకం లేదు. సెలవుల్లో మెస్సు మూసేస్తే ఇంటికి వెళ్లడానికి చార్జీలు లేని పిల్ల ఏం తింటుంది? ఇలాంటి చిన్న ప్రశ్నకు ఆ కాలేజీ దగ్గర సమాధానం ఉందా లేదా అన్నదే నాకు కొలత.

మన దగ్గరా దసరా, సంక్రాంతి సెలవులకు హాస్టళ్లు ఖాళీ అవుతాయి. మన హాస్టళ్ల సంగతి వేరే చెప్పాలా? గదిలోకి కొత్తపిల్ల రాగానే "నీ ర్యాంకెంత?" అంటారు. అది ర్యాంకు కోసం అడిగే ప్రశ్న కాదని అడిగినవాళ్లకూ, చెప్పేవాళ్లకూ తెలుసు. ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఏ వీధి అంటారు. తెలుగు మీడియం అని తేలితే ఇంకో మెట్టు దించుతారు. ఎవరూ తిట్టరు, తలుపు మూయరు. సినిమాకు వెళ్లేటప్పుడు ఒక టిక్కెట్టు తక్కువ కొంటారు, అంతే. మా వీధిలో ఒకమ్మాయి ఇంజనీరింగు మొదటి ఏడాదంతా మెస్సు మూసేసే వేళకు వెళ్లి తినేదట, ఖాళీ బల్ల దొరుకుతుందని. తల్లికి మాత్రం రోజూ "తిన్నానమ్మా" అనే చెప్పింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు మరి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ సమాన అవకాశాల విభాగం ఉండాలని, వివక్ష మీద ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధన పెట్టింది. కానీ తక్కువ పడిన టిక్కెట్టు మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది?

కలిసి తినడం ఎంత కష్టమో మన పెద్దలకు తెలుసు. గోరాగారు పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ కూర్చోబెట్టి కలిసి తినే భోజనాలు పెట్టించింది అందుకే. ఉపన్యాసాలు వినడానికి వచ్చినంత సులువుగా విస్తరి ముందుకు ఎవరూ రారు.

ఓబర్లిన్‌లో 1950 నుంచీ విద్యార్థుల సహకార సంఘం ఒకటి ఉంది. అందులో చేరిన పిల్లలు కొందరు కలిసి వంట వండుకుని, కలిసి తిని, కలిసి కడుక్కుంటారు. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం అన్నీ వంతులవారీగా. ఆడపిల్లలు సోమవారాలు బట్టలుతికిన చోట ఇప్పుడు మగపిల్లాడు చేతులు పైకి మడిచి అంట్లు తోముతున్నాడు. మన వాళ్లు కూడా అమెరికా వెళ్లిన కొడుకు వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఫొటో వాట్సాప్‌లో పంపిస్తే పదిమందికి చూపించి మురిసిపోతారు. ఆ అబ్బాయే సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తిన్న కంచం ఎవరు తీస్తున్నారో ఈసారి కాస్త గమనించి చూడండి.