ముప్పాతిక వెలుగు గల్లంతు

ఏటా మార్చి 3న, జమ్‌షెట్‌జీ టాటా జయంతికి, జంషెడ్‌పూర్ జూబ్లీ పార్కు దీపాలతో ధగధగలాడుతుంది. ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవానికి కట్టిన ఈ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారు. తాతల నాడు ఉక్కు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలతో సహా ఊరంతా ఆ దీపాలను ఫోన్లతో ఫోటోలు తీసుకుంటుంది. ఆ ఫోన్లలో చాలావాటి తెర కూడా దీపమే. పేరు ఓఎల్ఈడీ. లోహాల ఊరికి కాస్త కొరుకుడుపడని సంగతేమిటంటే, అందులో వెలిగేది కర్బన అణువు.

1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఇలాంటి అణువుల పలుచని పొరలతో తక్కువ వోల్టేజికే దీపం వెలిగించారు. కానీ లెక్క చూస్తే పెద్ద లోటు. కరెంటు తాకి ఉత్తేజితమైన అణువుల్లో నాలుగింట ఒకటి సింగ్లెట్, మూడు ట్రిప్లెట్. సింగ్లెట్లు వెలుగునిస్తాయి. ట్రిప్లెట్ల శక్తి వేడిగా పోతుంది. రూపాయిలో ముప్పావలా నేలపాలు!

మొదటి విరుగుడు లోహమే. అమెరికాలో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందాలు 1998లో ప్లాటినం, 1999లో ఇరిడియం పరమాణువును అణువులో ఇమిడ్చాయి. ఆ బరువైన పరమాణువు పుణ్యమా అని ట్రిప్లెట్లూ వెలిగాయి. ఫోన్ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఎక్కువగా ఇరిడియం చలవే. అయితే ఇరిడియం అత్యంత అరుదు. ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనుల ఉప ఉత్పత్తిగా దొరుకుతుంది.

లోహంతో పనిలేని దారిని 2012లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో చిహయా అడాచీ బృందం చూపింది. కిటుకంతా అణువు అల్లికలోనే. ఎలక్ట్రాన్లు ఇచ్చే భాగాన్ని, పుచ్చుకునే భాగాన్ని ఒకదానికొకటి అడ్డంగా మెలితిప్పితే సింగ్లెట్, ట్రిప్లెట్‌ల మధ్య శక్తి తేడా బాగా తగ్గిపోతుంది. ఇక గదిలోని వేడే ట్రిప్లెట్లను పైకి నెట్టి సింగ్లెట్లుగా మారుస్తుంది.

చిక్కంతా నీలంతోనే. దానికి కావలసిన శక్తి ఎక్కువ. అంత శక్తిని మోస్తూ ట్రిప్లెట్లు కాచుకుని ఉంటే అణువు బంధాలే తెగుతాయి. అందుకే నీలం విషయంలో చాలా తెరలు పాత తరహా అణువులనే నమ్ముకున్నాయి.

ఈ పోటీలో మనకూ చోటుంది. తెరల ఫ్యాక్టరీకి వేల కోట్లు కావాలి గానీ, అణువుకు రూపకల్పన చేయడానికి కంప్యూటరు, రసాయన ప్రయోగశాల చాలు. లోహాలకే అంకితమైన జాతీయ లోహశోధన ప్రయోగశాల 1950 నుంచీ జంషెడ్‌పూర్‌లోనే ఉంది. లోహం అక్కర్లేని అణువుపై లెక్కలు అదే ఊరి ఎన్‌ఐటీ లాంటి విద్యాసంస్థలకూ అందనివి కావు. రంగును కంప్యూటరు ముందే చెప్పగలదు. అణువు ఎన్ని గంటలు నిలుస్తుందో మాత్రం దీపం చేసి, వెలిగించి చూడాల్సిందే.