తొందర లేని తిరుగు ప్రయాణం



మన ఊళ్ల నుండి వెళ్లి అమెరికాలోని డల్లాస్ చుట్టుపట్ల స్థిరపడిన బిడ్డలు ఎందరో ఉన్నారు. వేసవి సెలవుల్లో అక్కడి కుటుంబాలు కొన్ని కారులో ఎల్లోస్టోన్ జాతీయ వనం చూడబోతాయి. దూరం 2,000 కిలోమీటర్ల పైమాటే. తిరుగుదారిలో విసుగక నడిపితే రెండు రోజుల్లో ఇల్లు చేరవచ్చు. అయితే తండ్రి చూపు రోడ్డు మీద, తల్లి చూపు గడియారం మీద, పిల్లలు నిద్రలో. ఒకే కారులో ఉన్నా ఒకరితో ఒకరు లేరు.

స్వదేశానికి తిరిగి వస్తున్న యాకోబు, ఏశావు కలిసి పోదామన్నప్పటికీ, పిల్లలు నడవగలిగినంత మెల్లగానే వస్తానన్నాడు. ఇంటిపెద్ద ఆలోచన అలా ఉండాలి.

అదే దారిని రోజుకు 400 కిలోమీటర్ల చొప్పున ఐదారు రోజులు చేసుకోవచ్చు. రాత్రి బసకు ఖర్చెలా అంటారా? దారిలోని వయోమింగ్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాల్లో ప్రభుత్వ అడవులు, బీడు భూములు విస్తారం. వాటిలో చాలాచోట్ల గుడారం వేసుకోవడానికి రుసుము లేదు. సాధారణంగా 14 రోజుల వరకు ఉండనిస్తారు.

ఉచితమంటే అన్నీ అమర్చి ఉంటాయని కాదు. అక్కడ కుళాయి, మరుగుదొడ్డి, చెత్తకుండీ ఉండవు. నీళ్లు వెంట తెచ్చుకోవాలి. వాగుకు 200 అడుగుల ఎడంగా దిగాలి. కాలకృత్యాలకు నీటికి అంత దూరంలోనే 6 నుండి 8 అంగుళాల లోతు గుంట తీసి పూడ్చాలి. ఎండలు ముదిరితే మంట వేయడమే నిషేధిస్తారు. అనుమతి ఉన్నప్పుడు వేసిన మంటను నీళ్లు పోసి, కలియబెట్టి, చేతికి చల్లగా తగిలేదాకా ఆర్పాలి. చెత్త అంతా మూటగట్టి తిరిగి కారులోకే.

పిల్లలు నేర్చుకునేది ఇక్కడే. నీళ్ల డబ్బా ఒకరు మోస్తే, గుడారపు మేకులు మరొకరు కొడతారు. పొద్దువాలాక టీవీ లేదు, మాటలే మిగులుతాయి. ఉదయాన అడిగేవాడు లేకున్నా చుట్టూ తిరిగి కాగితం ముక్కలు ఏరుతారు. చెత్తతో పాడైన మకాములను అధికారులు మూసివేసిన సందర్భాలున్నాయి. ఒకరు పారేసి పోయినది వెనుక వచ్చేవారి రాత్రి బసను పోగొడుతుంది. రుసుము లేని చోట మన నడవడే రుసుము.

ప్రియులారా, పండుగకు ఊరు వెళ్తూ మనమూ దారిలో చెట్టు నీడన ఆగి అన్నం మూటలు విప్పుతాము. లేచేముందు విస్తరాకులు, ప్లాస్టిక్ సంచులు మన పిల్లల చేతనే ఏరించండి. రేపు ఆ నీడన మరొకరి బిడ్డలు కూర్చోవాలి.