డిజేబుల్ చేస్తే తాళం వేసినట్టేనా?

ఫారంలో ఒక బాక్సుని ఎవరూ మార్చకూడదంటే మనం చేసే మొదటి పని, పీహెచ్‌పీలో ఒక ఇఫ్ పెట్టి, ఇన్‌పుట్ ట్యాగులోకి డిజేబుల్డ్ అని ఎకో చేసేయడం. కోడు నడిచేది సర్వర్లో కాబట్టి తాళం కూడా అక్కడే పడిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఆఫీసు ఖర్చుల బిల్లుల అప్లికేషన్ రాసింది నేనే. మేనేజరు ఓకే చేశాక అమౌంటు బాక్సు బూడిదరంగులోకి మారి బుద్ధిగా కూర్చునేది. ఒకరోజు టెస్టింగ్ చేసే అమ్మాయి నన్ను పిలిచి, ఎఫ్12 నొక్కి, ఆ ఒక్క మాట చెరిపేసి, 500ని 5000 చేసి సేవ్ కొట్టింది. సేవయిపోయింది! మేనేజరు ఓకే మాత్రం అలాగే ఉంది. అదృష్టం కొద్దీ అప్పటికింకా లైవ్‌కి వెళ్ళలేదు.

పేజీ ఒకసారి బ్రౌజరుకి చేరాక అది వాడేవాళ్ళ చేతిలోది. వాళ్ళక్కడ ఏం చెరిపారో సర్వరుకి తెలీదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. డిజేబుల్డ్ బాక్సులో ఉన్నదాన్ని బ్రౌజరు అసలు తిరిగి పంపదు. అది మర్చిపోయి అప్‌డేట్ రాస్తే డేటాబేసులో ఉన్నది కాస్తా ఖాళీ అయిపోవచ్చు. రీడ్‌ఓన్లీ అయితే పంపుతుంది గానీ, దాన్నీ ఇలాగే చెరిపెయ్యొచ్చు.

డిజేబుల్ చెయ్యొద్దని కాదు. "ఇక్కడ మీరు మార్చేదేం లేదు" అని మర్యాదగా చెప్పడానికి అది బానే పనికొస్తుంది. అసలు తాళం మాత్రం సేవ్ చేసే కోడులో ఉండాలి. ఈ బిల్లు ఓకే అయిందా అని డేటాబేసుని అడిగి, అయ్యుంటే మార్పుని తిప్పికొట్టాలి. నాలుగు లైన్ల పని. బద్ధకించకండి!