నెట్ మీదికి నెట్టేయకండి

అచ్చంపేటలో ఏ ఆన్‌లైన్ సెంటర్‌లోనైనా కాసేపు కూర్చోండి. "నెట్ స్లో ఉంది పెద్దయ్యా, జర ఆగు" అన్న మాట చెవిన పడుతుంది. పదర నుంచో అమ్రాబాద్ నుంచో కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి ఆగుతాడు. స్క్రీన్ బిగుసుకుపోయి ఉంటుంది. వెనక్కి పోదామంటే పోదు, రద్దు చేద్దామంటే కాదు. సెంటర్ పిల్లవాడు విసిగి అదే బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతాడు. ఎవరినడిగినా తప్పు నెట్‌దంటారు, కాకుంటే ఓపిక లేని వేలిదంటారు. రెండూ నిజం కావు. తప్పు ఆ ప్రోగ్రాం రాసినవాళ్లది.

నెట్ నెమ్మదిగా ఉండొచ్చు. మన్ననూరు దాటి నల్లమలలోకి పోయేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది. అలాంటప్పుడు జవాబు ఆలస్యంగా రావడం న్యాయమే. స్క్రీన్ చచ్చుబడటం మాత్రం ఏ న్యాయం?

బస్టాండులో ఎంక్వైరీ దగ్గర శ్రీశైలం బస్సు ఎప్పుడని అడుగుతాం. "రాగానే మైకులో చెప్తా" అని ఆయన వెనకున్న మనిషి వైపు తిరుగుతాడు. బస్సు వచ్చేదాకా ఇంకెవరికీ బదులివ్వనని కూర్చుంటే బస్టాండంతా గోల. బటన్లు, బొమ్మలతో నడిచే ప్రతి ప్రోగ్రాం లోపలా అలాంటి కౌంటర్ ఒకటుంది. దాని పేరు ఈవెంట్ లూప్. బటన్ నొక్కినా, మౌస్ కదిలినా, కీ కొట్టినా అదొక ఈవెంటై వరుసలో నిలబడుతుంది. లూప్ ఒక్కోదాన్ని తీసి, దాని పని చూసే హ్యాండ్లర్‌కు అప్పజెప్తుంది. హ్యాండ్లర్ చటుక్కున పని ముగించి పక్కకు తప్పుకోవాలి. సర్వర్ జవాబు కోసం అక్కడే బైఠాయిస్తే వెనకున్న వరుసంతా ఆగుతుంది. స్క్రీన్‌ను మళ్లీ గీయడమూ ఆ వరుసలో పనే కాబట్టి బొమ్మ కూడా బిగుసుకుంటుంది. ప్రోగ్రాం 5 సెకన్లపాటు ఆ వరుస వైపు చూడకపోతే విండోస్ దానికి "నాట్ రెస్పాండింగ్" అని పేరు పెడుతుంది.

ఈలోగా నొక్కిన నొక్కులు ఎక్కడికీ పోవు. లూప్ కదలగానే ఒకదాని వెంట ఒకటి అమలవుతాయి. అలా ఒకే దరఖాస్తు రెండుసార్లు వెళ్తుంది. అడిగినా పలకని మనిషిని మళ్లీ పిలుస్తాం కదా! ఆ వేలు చేసిందీ అదే.

ఈ జబ్బుకు మూలం మన పాఠాల్లో ఉంది. 1991లో విజువల్ బేసిక్ వచ్చినప్పటి నుంచి "ఫారం మీద బటన్ పెట్టు, దాని వెనక కోడ్ రాయి, ఇదే ఈవెంట్ డ్రివెన్ ప్రోగ్రామింగ్" అనే మాట పాతుకుపోయింది. ల్యాబ్‌లో రెండు అంకెలు కూడే బటన్‌కు అది చాలు. కానీ సర్వర్ నుంచి జవాబు రావడం కూడా ఒక ఈవెంటే, రాకపోవడాన్ని గుర్తు చేసే టైమర్ మోగడమూ ఈవెంటే. ఈ సగం చెప్పనంతకాలం మిగతా సగం చెప్పినా చెప్పనట్టే.

అలా రాయడం కష్టమని ప్రోగ్రామర్లు అంటారు. కాదనను. జవాబులు అడిగిన క్రమంలో రావు, సగంలో ఆగిన పనిని గుర్తుంచుకోవాలి. అయితే ఆ కష్టం రాసేవాడు ఒక్కసారి పడతాడు. అతను తప్పించుకుంటే వరుసలో నిలబడ్డవాళ్లు రోజూ పడాలి. పైగా ఆ సాకు ఎప్పుడో పాతబడింది. సీ షార్ప్‌లో 2012 నుంచి, జావాస్క్రిప్ట్‌లో 2017 నుంచి అసింక్, అవెయిట్ అనే మాటలతో ఇలాంటి కోడ్‌ను మామూలు వరుసలోనే రాసుకోవచ్చు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 అయితే, స్క్రీన్‌ను నడిపే దారిలోనే నెట్ పని పెట్టుకున్న యాప్‌ను కొనసాగనివ్వకుండా ఆపేయడం మొదలుపెట్టింది.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. బటన్ నొక్కగానే అది మసకబారాలి. "అందింది, జవాబు కోసం చూస్తున్నాం" అని తెలుగులో కనిపించాలి. రద్దు బటన్ ఎప్పుడూ పనిచేయాలి. ప్రతి దరఖాస్తుకూ ఒక నంబరు పెడితే, అదే మళ్లీ వచ్చినప్పుడు సర్వర్ పోల్చుకుంటుంది. సిగ్నల్ పుష్కలంగా ఉన్న ఆఫీసులో కాక, అడవి అంచున ఉన్న ఊళ్లో దీన్ని పరీక్షించాలి.

మైకు పిలుస్తుందన్న నమ్మకం ఉంటే బస్సు గంట ఆలస్యమైనా ప్రయాణికుడు బెంచీ మీద నిమ్మళంగా కూర్చుంటాడు. కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దయ్యకు ఆ నమ్మకం ఇవ్వడం నెట్ పని కాదు, ప్రోగ్రాం రాసినవాళ్ల బాధ్యత.