అడుగు తడబడక మునుపే

హంటింగ్టన్ వ్యాధి గురించి వైద్యులు కానివారు చదవదగిన పుస్తకమేదని ఎవరైనా అడిగితే, ఆలిస్ వెక్స్‌లర్ రాసిన ‘మ్యాపింగ్ ఫేట్’ (1995) పేరే చెబుతాను. రచయిత్రి చరిత్రకారిణి. ఆమె తల్లి లియోనోర్ ఈ వ్యాధితోనే 1978లో మరణించారు. చెల్లెలు నాన్సీ వెనిజులాలోని మరకైబో సరస్సు తీర గ్రామాలకు వెళ్లి, రోగుల వంశవృక్షాలను, రక్తనమూనాలను సేకరించారు. నాలుగవ క్రోమోజోముపై వ్యాధి జాడ 1983లో తెలిసింది. జన్యువు 1993లో దొరికింది.

ఆ అన్వేషణ ఉత్కంఠభరితమే. కానీ నన్ను ఆపివేసినది మరొక ఘట్టం. 1968లో లాస్ ఏంజెలెస్‌లో వీధి దాటుతున్న లియోనోర్‌ను ఒక పోలీసు, పొద్దున్నే తాగి తిరగడానికి సిగ్గులేదా అని గద్దించాడు. వ్యాధి అని తేలింది ఆ తరువాతే. అంతకు ముందు ఆమెను ఆవరించిన దిగులు స్వభావమా, సంసారంలోని వెలితా, వ్యాధి తొలి రూపమా? చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వెంటాడింది.

మెదడు లోతున ఇరువైపులా కాడేట్, పుటామెన్ అనే నాడీకణ సముదాయాలున్నాయి. ఈ వ్యాధిలో అన్నిటికన్న ముందుగా, తీవ్రంగా క్షీణించేవి ఇవే. విద్యార్థి దశలో మేము వీటిని కదలికల కేంద్రాలుగానే చదువుకున్నాము. అది సగం సత్యం. నుదుటి వెనుకనున్న ఫ్రాంటల్ లోబ్‌తో కాడేట్‌కు గాఢమైన అనుసంధానం ఉంది. పనికి పూనుకోవడం, పనుల వరుస నిర్ణయించుకోవడం, కోపాన్ని నిగ్రహించుకోవడం ఆ వలయాలపై ఆధారపడినవి. కనుకనే కాళ్లూచేతులూ వశం తప్పడానికి కొన్నేళ్ల ముందే మనిషి మారిపోవచ్చు.

1872లో, ఇరవై రెండేళ్ల వయసులో, జార్జ్ హంటింగ్టన్ ప్రకటించిన వ్యాసంలోనే ఉన్మాదం, ఆత్మహత్యల ప్రస్తావన ఉంది. అయినా ఈ వ్యాధి చాలాకాలం ‘హంటింగ్టన్ కొరియా’గానే చెలామణి అయింది. కొరియా అంటే గ్రీకులో నృత్యం. ఆ పేరు మా చూపును అవయవాలకే కట్టివేసింది.

మన భాషలో డిమెన్షియాను మతిమరుపు అనడం వల్ల మరొక చిక్కు. అల్జీమర్స్‌లో వలె ఇక్కడ జ్ఞాపకం మొదటే చెరిగిపోదు. పిల్లల పుట్టినరోజులు గుర్తున్న మనిషి, లేచి స్నానానికి వెళ్లలేకపోతాడు. ఇంట్లోవారు దానిని బద్ధకమంటారు, మొండితనమంటారు.

నేనూ ఈ పొరపాటు చేశాను. తన భర్త ఇంటికొచ్చే ఉత్తరాలు విప్పి చూడడమే మానేశారని ఒకావిడ చెబితే, విని ఊరుకుని, ఆయన వేళ్ల కదలికలు పరీక్షించాను. ఆమె చెప్పినదే అసలు లక్షణం.

తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రిని బాధ్యత లేనివాడని ద్వేషిస్తూ పెరిగిన బిడ్డ, ఒకనాడు తానే ఆ జన్యుపరీక్ష ఫలితం ముందు కూర్చోవలసి రావచ్చు. వ్యాధిని ఆపగల మందు మా చేతిలో లేదు. కానీ దోషం మనిషిది కాదని సకాలంలో చెప్పడం మా చేతిలోనే ఉంది. అందుకు వేళ్లను చూడడానికి ముందు, ఇంటివారిని ఒక మాట అడగాలి: ఈ మధ్య ఆయన ఏయే పనులు మానేశారు?