అమ్మ మాత్రల డబ్బా

మా చెల్లెలికి రెండో కాన్పయి ఆరు నెలలు. రోహిణి ఎండల్లో ఫ్యాను ఆపెయ్యమనేది. దువ్వెన నిండా జుట్టే. పిల్లాడికి పాలిస్తూనే కూర్చున్నచోట కునికేది. ‘బాలింత ఒళ్లు, అలాగే ఉంటుంది’ అన్నారు పెద్దవాళ్లు. నేనూ సరేననుకున్నాను.

అప్పటికి పన్నెండేళ్లుగా అమ్మ పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రల డబ్బా వంటింట్లో ఉప్పు జాడీ పక్కనే ఉంది. చెల్లెలి నీరసానికీ ఆ డబ్బాకీ చుట్టరికం ఉందేమోనని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఆస్పత్రిలో షుగరుందా, బీపీ ఉందా అని అడిగారు. థైరాయిడ్ మాట వాళ్లడగలేదు, మేము చెప్పలేదు. మరో నాలుగు నెలలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయిస్తే గానీ చెల్లెలికీ అదే జబ్బని తెలియలేదు.

థైరాయిడ్ అనగానే మనకు ఉప్పే గుర్తొస్తుంది. 1962లో మన దేశంలో గాయిటర్ (గొంతువాపు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ ఉప్పు చేసిన మేలు చిన్నది కాదు. కానీ అయోడిన్ చాలినంత అందుతున్నచోట థైరాయిడ్ గ్రంథి మందగించడానికి ముఖ్య కారణం వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దానిమీద తిరగబడుతుంది. 1912లో హషిమోటో అనే జపాన్ వైద్యుడు వర్ణించిన జబ్బు ఇది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువ. తల్లికో అక్కకో ఉంటే మనకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు కాస్త అణిగి ఉండే ఆ వ్యవస్థ కాన్పయ్యాక మళ్లీ చెలరేగుతుంది. అందుకే ప్రసవమయ్యాక తొలి ఏడాది గడ్డుకాలం. టైప్-1 షుగర్, బొల్లి ఉన్నవాళ్లూ, అరవై దాటినవాళ్లూ, మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లూ, లిథియం, అమియోడరోన్ మందులు వాడేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి.

హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షలు చేసి 2013లో వెల్లడించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించి ఉంది. ఇంత మందికి ఉన్న జబ్బును అలసటనీ, బద్ధకమనీ, ‘తిని కూర్చుంటే లావవదా’ అనీ కొట్టిపారేయడం అన్యాయం.

కాన్పయ్యాక దీన్ని పసిగట్టే అవకాశం లేకపోలేదు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలకు బిడ్డను ఎత్తుకుని తల్లి వెళుతూనే ఉంటుంది. బిడ్డను తూస్తారు, కార్డులో రాస్తారు. ఆ పక్కనే నిలబడ్డ తల్లిని ‘మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?’ అని అడగడానికి అర నిమిషం చాలు. ఉందంటే ఒక రక్తపరీక్ష రాయాలి.

మా వంటింట్లో ఇప్పుడు డబ్బాలు రెండు. చెల్లెలి కూతురి ఆస్పత్రి ఫైలు మొదటి పేజీలో ‘థైరాయిడ్: అమ్మమ్మకు, అమ్మకు’ అని రాసి పెట్టాం.