మొదటి బంతి ఎవరిది?

ఛత్రినాకలో ఒక పెళ్ళివిందు. శుభలేఖలో రాత్రి 7 గంటలన్నారు. బరాత్ చేరి విస్తళ్ళు పడేసరికి 11 అయింది. మా ఆరేళ్ళ పాప అప్పటికే కుర్చీలో నిద్రపోయింది. లేపి తీసుకెళితే, "పిల్లలే కదండీ, తర్వాతి బంతిలో కూర్చుంటార్లెండి" అన్నారొక పెద్దాయన.

సరిగ్గా ఇక్కడే నా పేచీ. పిల్లలు కనుకనే మొదటి బంతి వారిది కావాలి. విహారనౌకలలో సైతం చాలావాటిలో రాత్రి భోజనానికి రెండు వేళలుంటాయి: 6 గంటల ప్రాంతాన ఒకటి, 8 దాటాక మరొకటి. పిల్లలున్నవారు సాధారణంగా మొదటిదే కోరుకుంటారు. నడిసముద్రంలో సాధ్యమైనది లాల్‌దర్వాజా పక్కన ఎందుకు కాదు? వంట ఎనిమిదింటికే సిద్ధమైంది, ఘుమఘుమలు హాలంతా నిండాయి కూడా! ఆగింది పెద్దమనుషుల కోసం. దాన్ని మర్యాద అంటారట.

అయ్యా, శుభలేఖలో ముహూర్తం కింద పిల్లల భోజనవేళ కూడా అచ్చువేయించండి. లేదంటే ఇంట్లోనే పెరుగన్నం తినిపించుకుని వస్తాం. అప్పుడు విందు ముట్టలేదని నొచ్చుకోకండి.